నాకందే నమ్మని రాళ్ళమ్మ

రాళ్ళమ్మ చేతికి ఎవరైనా ఒక రాయి ఇస్తే, ముందు అరచేతిలో రెండుసార్లు ఎగరేసి బరువు చూస్తుంది. తర్వాత మెళ్ళో నల్లతాడుకి వేలాడే బొటనవేలంత భూతద్దాన్ని కంటికి ఆనించి, రాయిని ముక్కుదాకా తెచ్చుకుని, ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఇంతవరకూ చూసేవాళ్ళకి గౌరవంగానే ఉంటుంది. ఆ తర్వాత నాలుక చాచి ఆ రాయిని నాకుతుంది.

కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజు ఈ దృశ్యం చూసి ముక్కుమీద వేలేసుకునేవాళ్ళు. ఇంత చదువు చదివింది, జుట్టు నెరిసింది, ఇదేం పాడు అలవాటని. ఆమె ఏమాత్రం సిగ్గుపడకుండా, చీర కొంగుతో మూతి తుడుచుకుని వివరించేది. రాయి తడిస్తే దుమ్ములో దాక్కున్న రంగులు బయటపడతాయి. అసలు రాయి నాలుకకి చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్‌దైతే తగలదు. బంకమట్టి రాయైతే నాలుకని పట్టుకుని వదలదు. ఇక బురద గట్టిపడి ఏర్పడ్డ రాయిలో సన్న ఇసుక ఉందా లేదా అన్నది వేలికి తెలియదు, ఒక పలుకు కొరికితే పంటికింద తెలుస్తుంది. 

"దేవుడు ఇచ్చిన పనిముట్లు వాడుకోవడానికి మొహమాటం దేనికిరా? మీ నాలుకలు మాత్రం ఊరికే ఉన్నాయా, పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉన్నాయిగా!" అనేది.

ఇందులో ఒక విషాదం ఉంది. ఆమె భర్త పళ్ళ డాక్టరు. "ఊరందరి పళ్ళూ నా చేతిలో బాగుపడ్డాయి, మా ఆవిడవి తప్ప" అని ఆయన కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. పెళ్ళైన కొత్తలో ఆమె ముందు పన్ను విరిగి ఉండటం చూసి, అన్నంలో రాయి వచ్చిందేమో అనుకుని పాపం వంటింటిని అనుమానించాడు. రాయి అన్నంలో రాలేదు, రాయి దగ్గరికే ఈవిడ వెళ్ళిందని తర్వాత తెలిసింది. అప్పటినుంచీ ఆమె పళ్ళు ఆయన బాగుచేస్తూనే ఉన్నాడు, ఆమె అరగదీస్తూనే ఉంది. 

ఆమె పని శిలల గురించి చెప్పడం. ఏ రాయి ఎలా పుట్టింది, ఎక్కడ పెరిగింది, ఎన్ని కష్టాలు పడి ఈ రూపానికి వచ్చింది అన్నది. కాలేజీ వెనకవైపు కింది అంతస్తులో పొడుగాటి గది ఆమెది. పై అంతస్తులో ఇవ్వలేదు, ఆ బరువుకి నేల కుంగుతుందని భయపడ్డారు. గోడల పొడవునా చెక్క సొరుగులు. ఒక్కొక్కటి లాగాలంటే కాలు గోడకి తన్నిపెట్టి లాగాలి. కిటికీ పక్కన నీళ్ళ తొట్టి, మూలన రాళ్ళు కోసే యంత్రం. అది తిరిగినప్పుడల్లా పక్కగదిలో లెక్కల మాస్టారు పాఠం ఆపేసి చెవుల్లో వేళ్ళు పెట్టుకునేవాడు. గదినిండా తడి మట్టి వాసన, దాని మీద సన్నగా పుల్లటి ఆమ్లం వాసన.

అక్కడ నిలబడి ఆమె రాళ్ళ గురించి మాట్లాడుతుంటే పక్కింటివాళ్ళ గురించి చెప్పుకుంటున్నట్టు ఉండేది. "కరిగిన రాయి భూమి లోపల తీరుబడిగా చల్లారిందనుకో, గింజలు పెద్దపెద్దవిగా కడుతుంది. అదే పైకి దూకి గబగబా చల్లారిందా, గింజ కంటికే ఆనదు. తొందరపడేవాడి చేతిరాతలాగే!" అనేది. సముద్రం అడుగున మట్టి పొర మీద పొర పడి రాయి కావడం చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. ఇక ఆ రాయే మళ్ళీ లోతుకి దిగిపోయి, వేడికీ ఒత్తిడికీ ఉడికి, కరక్కుండానే లోపల్లోపల ఇంకో రాయిగా మారిపోవడం దగ్గరికొచ్చేసరికి ఆమె కళ్ళు మెరిసేవి. ఆ మూడోరకం రాళ్ళంటే ఆమెకి పక్షపాతం. పైకి చెప్పేది కాదు గానీ, ఆ సొరుగులు మాత్రమే రోజూ తుడిచేది.

అయితే పిల్లలు ఆమెని తలుచుకుని వణికింది పాఠాలకి కాదు, పరీక్షలకి.

ప్రాక్టికల్ పరీక్షలో ఒక పళ్ళెంలో రాళ్ళు పెట్టి, ఏ రాయి ఏదో, ఎలా ఏర్పడిందో రాయమనేది. ఆ పళ్ళెంలో ఒకటి దొంగరాయి. అంటే అసలు రాయే కాదు. ఒక ఏడు సిమెంటు ముద్దకి అభ్రకం పొడి అద్దింది. ఇంకో ఏడు కొలిమి దగ్గర పారేసిన ఇనుప చిట్టెం తెచ్చిపెట్టింది. ఒకసారి అరిగిపోయిన పాత చెప్పు మడమని నల్లరాళ్ళ మధ్య కూర్చోబెడితే, తరగతి తరగతంతా దాన్ని బసాల్ట్ అని రాసి వచ్చారు. దొంగరాయి ఎదుట "ఇది రాయి కాదు" అని రాసినవాళ్ళకే మార్కులు.

ఇదేం అన్యాయం అంటే ఆమె దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. "పేర్లు వల్లించడం చిలక్కీ వచ్చు నాయనా. నాకు తెలిసిన వాటిలో ఇది లేదు, ఇది రాయే కాదు అని రాయడానికి వెన్నెముక కావాలి."

అలా వెన్నెముక లేక దొరికిపోయిన వాళ్ళందరిలోకీ ఘనుడు రొట్టె. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది, దాన్ని ఇప్పుడు జీతం ఇచ్చేవాళ్ళు తప్ప ఎవరూ వాడరు. ఆ ఏడు పళ్ళెంలో పెట్టిన దొంగరాయి మాడి బొగ్గైన రొట్టె ముక్క. ఇతను దాన్ని చూసి పరవశించిపోయి ఒక నిండు పేజీ రాశాడు. ఉబికివచ్చిన లావాలో వాయువులు బుడగలై చిక్కుకుపోయాయని రాశాడు. బుడగలు ఒకవైపుకి సాగి ఉన్నాయి కాబట్టి లావా పారిన దిశ చెప్పవచ్చని రాశాడు. చివర్లో, "ఈ అగ్నిపర్వతం మిక్కిలి ఉధృతంగా పేలి ఉండవచ్చు" అని ముగించాడు.

రాళ్ళమ్మ ఆ పేజీని తరగతిలో నిలబడి, అక్షరం పొల్లు పోకుండా చదివింది. చదివాక ఆ అగ్నిశిలని పటుక్కున కొరికి నమిలింది.

"అగ్నిపర్వతం కాదు నాయనా, మా ఇంటి పొయ్యి. రొట్టె పెట్టి మర్చిపోయింది మా ఆయన. ఉధృతంగా పేలింది మాత్రం నేను. అది నిజమే, దానికి ఒక మార్కు వేశాను."

ఇంకెవరైనా అయితే ఆ దెబ్బకి కాలేజీ మారిపోయేవాళ్ళు. రొట్టె మారలేదు. పగబట్టాడు. రాళ్ళనే చదివాడు, ఆ ఊరి కాలేజీలోనే, ఆమె గదిలోనే, ఆమె పక్కబల్ల దగ్గరే చిన్న టీచరుగా చేరాడు. చేరిన రోజు ఆమెకి నమస్కారం పెట్టి, "మేడమ్, మీ భూతద్దం కోసం వచ్చాను" అన్నాడు. ఆమె నవ్వి తాడు సర్దుకుంది.

ఆ భూతద్దం కథ చెప్పకపోతే ఇదంతా పిచ్చివాళ్ళ వ్యవహారంలా ఉంటుంది. చెప్పినా ఉంటుంది, కానీ కొంత తగ్గుతుంది.

అది ఆమె గురువుగారిది. ఆయన కూడా ఇలాగే పళ్ళెంలో దొంగరాళ్ళు పెట్టేవాడు, ఇలాగే నాకేవాడు. ఆయన్ని మోసం చేయడం ఎవరి తరమూ కాలేదు. ఆయన ఉద్యోగం చివర్లో ఒకరోజు, అప్పటికి బక్కపల్చగా ఉండే రాళ్ళమ్మ ఒంటికి రుద్దుకునే సబ్బుని చెక్కి, బూడిదలో దొర్లించి, బలపపు రాళ్ళ పళ్ళెంలో పెట్టింది. ఆరోజు ఆయనకి విపరీతమైన జలుబు. చుట్టూ పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు. హోదా అడ్డొచ్చి నాలుక చాచలేదు. వేలితో రుద్ది, "మెత్తన, జారుడు. బలపపు రాయి" అనేశాడు. ఆమె గ్లాసుతో నీళ్ళు తెచ్చి దానిమీద పోసింది. నురగ వచ్చింది. 

గురువుగారు కడుపు పట్టుకుని నవ్వి, నవ్వి, దగ్గి, మెళ్ళోంచి భూతద్దం తీసి ఆమె మెళ్ళో వేశాడు. "రాయి విషయంలో నన్ను మోసం చేసినవాళ్ళకే ఇద్దామని దాచాను. నిన్ను మోసం చేసేవాడికి నువ్వివ్వు. ఎవడూ దొరక్కపోతే గాజు బీరువాలో పెట్టెయ్, అంతేగానీ ఊరికే ఎవరికీ ఇవ్వకు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "నాకందే నమ్మకు తల్లీ" అని కూడా అన్నాడు.

ఆమె ఆ రెండు మాటలూ తు.చ. తప్పకుండా పట్టుకుంది. అందుకే రొట్టె పప్పులు ఆమె దగ్గర ఉడకలేదు. అతను ఇసుకనీ జిగురునీ కలిపి ఇసుకరాయి చేశాడు. ఆమె వాసన చూసి, "ఈ సముద్రంలో కాగితాలు అంటించే జిగురు పారిందా నాయనా?" అంది. గాజు కరిగించి నల్లటి అగ్నిపర్వతపు గాజులా తయారుచేశాడు. దాని అంచున సీసా మూతి మరలు సన్నగా కనిపిస్తున్నాయని భూతద్దం చెప్పేసింది. ఒకసారి ఏకంగా పళ్ళ డాక్టరుగారినే తనవైపు తిప్పుకుని, పళ్ళ అచ్చులు తీసే పొడితో పాలరాయి చేయించాడు. ఆమె నాలుక ఆనించి, "ఏమండీ!" అని ఇంటివైపు తిరిగి కేకేసింది. ఆ రుచి ఆమె నోటికి మరి కొత్తది కాదు కదా.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఆమె రిటైరయ్యే ఏడు వచ్చింది. అప్పుడు మొదలైంది అసలు బెంగ.

మామూలుగా అయితే గెలిచినవాళ్ళు సంతోషించాలి. కానీ ఆమెకి నిద్ర పట్టడం మానేసింది. ఎవరూ మోసం చేయకుండా ఆమె గుమ్మం దాటిందా, భూతద్దం గాజు బీరువాలోకి పోతుంది. తాళం వేస్తారు. కింద ఒక అట్టముక్క పెడతారు. ఇక దాన్ని ఏ రాయి దగ్గరికీ ఎవరూ తీసుకెళ్ళరు. రొట్టెకి ఇవ్వాలని ఆమెకి ఉంది, చచ్చేంత ఉంది. కానీ అతను గెలవాలి కదా!

"ఒకసారి ఓడిపోయినట్టు నటించు, పోనీ" అన్నాడు డాక్టరుగారు, రాత్రి అన్నాల దగ్గర. 

"నటిస్తే అది ఊరికే ఇచ్చినట్టే కదండీ. పైగా వాడు కనిపెట్టేస్తాడు. నేను పెంచిన పిల్లాడు, అంత వెధవ కాదు."

"ఇరవైనాలుగు గంటలూ వాణ్ణి వెధవా అనే తిడతావుగా?"

"అది ప్రేమతో."

ఆ బెంగలోనే ఆమె తన మొదటి రాయిని కూడా ఎక్కువగా తలుచుకునేది. ప్రతి ఏడూ మొదటి తరగతిలో ఆ కథ చెప్పడం ఆమెకి ఆనవాయితీ. చదువుకునే రోజుల్లో మొదటిసారి కొండ తవ్విన రోడ్డు పక్కన, తన చేత్తో తాను కొట్టి తెచ్చిన రాయి. వెండిలా మెరిసే అభ్రకం పొరలు, వాటి మధ్య కుంకుడు గింజలంత ఎర్రటి గార్నెట్లు. ఒకప్పుడు అది సముద్రం అడుగు బురద. బురదలోంచి అంత ఎర్రటి రత్నాలు మొలవడం చూసే తను ఈ చదువులో పడిపోయానని చెప్పేది. "సుత్తి మొదటి దెబ్బ గురి తప్పి ఒక మూల ఎగిరిపోయింది. నా బొటనవేలు సరిగ్గా ఆ గుంటలో పట్టేది" అని వేలు చూపించేది. పాత భవనంలోంచి ఇక్కడికి మారినప్పుడు కొన్ని పెట్టెలు పోయాయి. వాటితో అదీ పోయింది. అక్కడికి వచ్చేసరికి ఆమె మాట మార్చేసి అగ్నిశిలల్లోకి దిగిపోయేది.

చివరి నెలలో రొట్టె నడవడికలో తేడా వచ్చింది. ఆమె గదిలోకి రాగానే ఏదో గుడ్డ కింద దాచేవాడు. వేళ్ళకి జిగురు. ఒకరోజు అతని బల్ల కిందనుంచి ఒక ఎర్రపూస దొర్లుకుంటూ వచ్చి ఆమె చెప్పుకి తగిలి ఆగింది. అతను గబుక్కున వంగి తీసుకుని, "మా అక్కకూతురి దండ తెగింది మేడమ్" అన్నాడు. అతనికి అక్క లేదు. ఇంటికెళ్తే డాక్టరుగారు తలుపు తీస్తూనే, "నాకేం తెలీదు. వాడు నన్నేం అడగలేదు. నేను వాడికి పళ్ళ సిమెంటు ఇవ్వలేదు" అన్నాడు. ఆమె ఇంకా ఏమీ అడగనేలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకుంది.

ఆమె మనసులో సంతోషం ఉరకలేసింది. పిల్లాడు గట్టి ప్రయత్నమే చేస్తున్నాడు! ఎర్రపూసలు, సిమెంటు, అభ్రకం పొడి. గార్నెట్ల రాయి చేస్తున్నాడన్నమాట. తన మొదటి రాయిని నకలు తీసి తననే కొట్టాలని. తెలివైనవాడే. కానీ ఇంత తేలిగ్గా దొరికిపోతే ఎలా? ఆమెకి సంతోషం వెనకే దిగులు వచ్చింది. పోయింది, భూతద్దం బీరువాపాలు.

వీడ్కోలు రోజు వచ్చింది. గదిలో బల్లలన్నీ గోడలకి తోసి కుర్చీలు వేశారు. పాత విద్యార్థులు వచ్చారు. లెక్కల మాస్టారు కూడా వచ్చి, యంత్రం ఆగిపోతున్నందుకు ఆనందంతో అందరికంటే ముందు వరసలో కూర్చున్నాడు. ఉపన్యాసాలు అయ్యాక రొట్టె లేచి, గుడ్డ కప్పిన పళ్ళెం తెచ్చి ఆమె ఎదుట పెట్టాడు. గుడ్డ తీశాడు.

ఒకే ఒక రాయి. వెండి పొరలు, ఎర్ర గార్నెట్లు.

"చివరి ప్రశ్న మేడమ్. ఇదేమిటో చెప్పండి."

ఆమె చేతిలోకి తీసుకుని ఎగరేసింది. బరువు సరిగ్గా ఉంది. అయితే ఏం, సీసం కలిపి ఉంటాడు. భూతద్దం కంటికి ఆనించింది. పొరలు చక్కగా వంగి గార్నెట్ల చుట్టూ తిరిగి ఉన్నాయి. మెచ్చుకోవాలి, పూసల చుట్టూ అద్దడానికి ఎన్ని వారాలు పట్టిందో! ఆ మెరుపు మాత్రం మరీ ఎక్కువైంది. అభ్రకం అంత నిగనిగలాడదు, పైన ఏదో పూత ఉంది. నాలుక చాచి నాకింది. నున్నగా, జారుగా, ఏ రుచీ లేకుండా తగిలింది. రాతి చల్లదనం లేదు. అద్దాన్ని మెల్లగా జరుపుతుంటే ఒక పెద్ద గార్నెట్ చుట్టూ సన్నటి పసుపుపచ్చ గీత కనిపించింది. జిగురు!

గెలిచింది. మళ్ళీ గెలిచింది, ఖర్మ.

"నాయనా రొట్టె," అంది, "చాలా కష్టపడ్డావు. అభ్రకం పొడి, మా ఆయన సిమెంటు, నీకు లేని అక్కకూతురి పూసలు. పైన నెయిల్ పాలిష్ పూశావు, అది అతి చేశావు. పూస అంటించిన జిగురు తుడవడం మర్చిపోయావు. ఇది రాయి కాదు."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. రొట్టె మాత్రం నవ్వలేదు. ఆమెకేసి వింతగా చూశాడు.

"అంతేనా మేడమ్? ఆఖరి మాటేనా?"

"ఆఖరి మాటే. రాయి కాదు."

"జిగురు నాది కాదు మేడమ్" అన్నాడు రొట్టె నెమ్మదిగా. "నెయిల్ పాలిష్ కూడా నాది కాదు. పూసలూ సిమెంటూ మీకు కనపడాలని ఊరికే అటూ ఇటూ తిప్పాను. దీనికి నేనేమీ చేయలేదు. దొరికినప్పుడే ఇలా ఉంది. జిగురు ఎవరు పెట్టారో, పాలిష్ ఎవరు పూశారో నాకు నిజంగా తెలీదు. మీకేమైనా తెలుసేమో అనుకున్నాను."

"ఎక్కడ దొరికింది?"

"పాత భవనం మెట్లకింద గదిలో. విరిగిన కుర్చీల వెనక ఒక చెక్కపెట్టె ఉంది."

అతను జేబులోంచి బ్లేడు తీసి రాయి అంచున గీకాడు. పాలిష్ పలచటి పొరలా లేచి వచ్చింది. కింద అభ్రకం మసకగా, నిదానంగా, రాయి మెరిసే తీరులో మెరిసింది. రాళ్ళమ్మ అక్కడ నాలుక ఆనించింది. చల్లగా తగిలింది. అప్రయత్నంగా ఆమె బొటనవేలు రాయి మూల వెతికింది. అక్కడ పెచ్చు ఊడిన గుంట ఉంది. వేలు అందులో కుదురుగా కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, చెవులదాకా ఎర్రబడింది. ఆరోజు కొండ దగ్గరనుంచి వస్తుంటే బస్సు కుదుపుకి పెద్ద గార్నెట్ ఊడి సీటు కింద పడింది. మోకాళ్ళ మీద పాకి వెతికి తీసింది. గురువుగారికి రాయి నిండుగా చూపించాలని, హాస్టల్లో జిగురుతో అంటించింది. అభ్రకం ఇంకా తళతళలాడితే ఆయన మెచ్చుకుంటాడని, స్నేహితురాలి దగ్గర నెయిల్ పాలిష్ అడిగి తెచ్చి, రాయంతా పూసింది. ఈ ముక్క ఏ తరగతిలోనూ చెప్పలేదు. చెప్పకుండా చెప్పకుండా తనే మర్చిపోయింది.

గదిలో అందరూ చూస్తున్నారు. తప్పించుకోవడానికి దారులు లేకపోలేదు. రాయి కానిదాన్ని రాయి అనిపిస్తేనే మోసం అనవచ్చు. జిగురు ఉంది కాబట్టి సగం దొంగదే, నేను సగం గెలిచాను అనవచ్చు. ఆమె నోరు తెరిచింది కూడా. ముందు వరసలోంచి డాక్టరుగారు, "ఏమోయ్, ఒప్పేసుకో" అన్నాడు మెల్లగా.

"నా రాయిని నేనే గుర్తుపట్టలేదండీ" అంది రాళ్ళమ్మ. ఎవరితో అన్నదో తెలియదు. "పోయిందని ఇన్నేళ్ళు ఏడ్చాను. తీరా ఎదురుగా వచ్చి కూర్చుంటే, నువ్వు దొంగవి పొమ్మన్నాను. నేను చేసిన వెధవపని చూపించి నేనే ఇంకొకడిని తిట్టాను." కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటితోపాటే నవ్వు కూడా వచ్చింది. పకపకా నవ్వింది. గురువుగారిలాగే నవ్వి, నవ్వి, దగ్గింది. దగ్గి, మెళ్ళోంచి నల్లతాడు తీసి రొట్టె మెళ్ళో వేసింది.

"మోసం చేయకుండా మోసం చేశావు కదరా! తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా."

రొట్టె వంగి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, ఆమె చెవి పట్టుకుని పైకి లేపింది. లెక్కల మాస్టారికి ఏమీ అర్థం కాలేదు గానీ ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక గదిలో ఇద్దరే మిగిలారు. డాక్టరుగారు బయట రిక్షా పిలవడానికి వెళ్ళాడు. రొట్టె బ్లేడుతో జిగురంతా శుభ్రంగా గీకాడు. ఎండిపోయిన జిగురు పెళుసుగా రాలింది. దానితోపాటు గార్నెట్ ఊడి బల్లమీద పడింది. రాయిలో అది ఉన్నచోట పలకలు తేలిన నున్నటి గుంట మిగిలింది.

"రాయి ఇక్కడ ఉండాలి మేడమ్. వచ్చే పరీక్షలో ఈ గుంట చూపించి, ఇక్కడ ఏముండేదో రాయమంటాను. ఇది మీరు తీసుకెళ్ళండి." గార్నెట్‌ని ఆమె అరచేతిలో పెట్టాడు. 

ఆమె దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. ఎరుపు. అసలు గార్నెట్‌కి ఉండాల్సిన పన్నెండు ముఖాలూ ఉన్నట్టే ఉన్నాయి. ఉన్నాయా? వీడి దగ్గర ఎర్రపూసలు ఉన్నాయి. కళ్ళుమూసి తెరిచేలోగా మార్చేయగలడు, తన దగ్గర చదువుకున్నవాడే కదా. చెయ్యి అలవాటుగా గుండెలమీదికి వెళ్ళింది. అక్కడ తాడు లేదు. 

"నాయనా, ఒక్కసారి ఆ అద్దం ఇలా ఇవ్వు."

"ఇవ్వను" అన్నాడు రొట్టె.

"ఇప్పుడే ఇచ్చేస్తానురా."

"ఇవ్వను మేడమ్. నమ్మండి."

రాళ్ళమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. భూతద్దం లేకుండా ఒక మనిషిని అంతసేపు చూడటం ఆమెకి కొత్త. ఆ ముఖంలో అల్లరి ఉంది. కానీ అల్లరి ఎప్పుడూ ఉండేదే, దాన్నిబట్టి ఏమీ తేలదు. చివరికి గుప్పిట మూసింది.

"నమ్మాను పో" అంది. 

ఆ మాట అనేసి, సొరుగులకేసి ఒకసారి చూసి, కొంగు భుజం మీదికి లాక్కుని బయటికి వచ్చేసింది. వరండా దాటింది. మెట్లు దిగింది. గేటు బయట రిక్షాలో డాక్టరుగారు అటువైపు తిరిగి కూర్చున్నాడు. రాళ్ళమ్మ కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, కనుచూపు మేరలో ఎవరూ లేరని నిర్ధారించుకుంది. అప్పుడు గుప్పిట విప్పి, గార్నెట్‌ని గబుక్కున ఒకసారి నాకింది.

చల్లగా ఉంది.

వెనక కింది అంతస్తు కిటికీలోంచి ఎవరో పగలబడి నవ్వారు. ఆమె వెనక్కి తిరక్కుండా, తల మరింత ఎత్తుకుని, రిక్షా ఎక్కి కూర్చుంది.